పేజీకి రెండు రూపాయల మొహం

"రాసుకోరా మూర్తీ," అన్నాడు తిరుమలరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "ఈ బిలాస్‌పూర్‌లో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నేనింకా వెతకడం మొదలుపెట్టనివాళ్ళు."

రమణమూర్తి రాసుకోలేదు. ఈ మాట కిందటి మంగళవారం కూడా విన్నాడు. అప్పటి సందర్భం తిరుమలరావు ఇంట్లో ఆవకాయ జాడీ మూత మాయం కావడం. ఆ కేసులో పదకొండు మంది మీద అనుమానం పడింది, ఇద్దరు పనిమనుషులు పని మానేశారు. చివరికి ఆ మూతలో గడ్డం నీళ్ళు పోసుకుంటున్నది తిరుమలరావేనని అతని భార్య హైమావతి తేల్చింది. డైరీలో మాత్రం అతను "నేరస్థుడు లోపలి మనిషి. కేసు ముగిసింది" అని గంభీరంగా రాసుకున్నాడు.

తిరుమలరావు రైళ్ళలో ముప్పై నాలుగేళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. మనుషులందరూ టికెట్టు లేకుండానే పుట్టారన్న అనుమానం ఒక్కటే ఆ ఉద్యోగం అతనికి మిగిల్చింది. దాన్ని ప్రతిభ అనుకుని గేటుకి 'పరిశోధకుడు' అని బోర్డు తగిలించాడు. అతనికొక సిద్ధాంతం కూడా ఉంది. "టికెట్టు చూసేవాడు గుమాస్తా. టికెట్టు చూపించేవాడి మొహం చూసేవాడు టీసీ. నా సర్వీసు మొత్తంలో నేను టికెట్టు కేసి చూడలేదురా." ఆ మాట నిజమే. అందుకే చెల్లని టికెట్లతో చాలామంది హాయిగా హౌరా దాకా వెళ్ళారు.

రమణమూర్తి గూడ్సు బండి గార్డుగా పనిచేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు బండి చివర బ్రేక్ వ్యానులో ఒక్కడే కూర్చుని వెనక్కి చూస్తూ ప్రయాణం చేశాడు. అతను చూసిన ప్రపంచమంతా అప్పటికే వెళ్ళిపోయినది. అలాంటి మనిషికి ఇంకొకరి వాగుడు చలికాలపు కుంపటి. కాస్త దూరంగా కూర్చుంటే బాగానే ఉంటుంది. అందుకే రోజూ సాయంత్రం ఈ వసారాలోకి వస్తాడు, రోజూ కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుంటాడు.

ఆ సాయంత్రం గేటు తీసుకుని అచ్చియమ్మ వచ్చింది. చేతిలో ఖాకీ కవరు ఉంది.

"అన్నయ్యా, ఇదేటో సూడండి. ఆపీసోళ్ళిచ్చారు. నాకేటీ బోధపళ్ళేదు."

అచ్చియమ్మ సంగతి రైల్వే కాలనీ తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆమె భర్త జగన్నాథం ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్. ఎనభై ఆరులో పచ్చకామెర్లతో పోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఆరేళ్ళు, కడుపులో మూడో నెల. రైల్వే ఆమెకి ప్యూను ఉద్యోగం ఇచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ఈ గది నుంచి ఆ గదికి ఫైళ్ళు మోసింది. ఎన్ని వేల ఫైళ్ళు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయో లెక్క లేదు. ఇప్పుడు వాటిలో ఒక్క ఫైల్లో ఒక్క కాగితం చూడాలంటే అర్జీ పెట్టుకోవాలి, ఫీజు కట్టాలి. దేశం ప్రజలకిచ్చిన సమాచార హక్కు అది. హక్కులన్నిటిలోకీ చవకైనది కూడా.

ఆమె అడిగిందల్లా ఒక ఫొటో. భర్తతో దిగినది అదొక్కటే. ఇంట్లో ఉన్న కాపీ తొంభై నాలుగులో వానలకి క్వార్టరు కారినప్పుడు తడిసి అద్దానికి అంటుకుపోయింది. లాగితే మొహం అద్దంతో వెళ్ళిపోయింది. రెండో కాపీ ఎనభై మూడులో ఉచిత రైలు పాసుల కోసం ఇచ్చిన ఫ్యామిలీ డిక్లరేషన్ మీద అతికించి, ఆఫీసు ఫైల్లో ఉంది. కూతురు శ్రీవల్లి బ్యాంకులో పనిచేస్తూ నెహ్రూ నగర్‌లో ఇల్లు కొనుక్కుంది. మాఘంలో గృహప్రవేశం. తండ్రి మొహం ఎరగని ఆ పిల్ల హాల్లో మేకు కొట్టించి, గోల్ బజార్ నుంచి ఫ్రేము తెచ్చి ముందే తగిలించింది. ఖాళీ ఫ్రేము.

"గొంతు గురుతుంది," అని అచ్చియమ్మ ఒకసారి రమణమూర్తితో చెప్పింది. "నడక గురుతుంది. మొకం జారిపోతంది అన్నయ్యా. రాత్రి కళ్ళు మూసుకుని ఎంత ఎతికినా సొక్కా కాలరు దాకా వస్తది, పైనేటీ రాదు. నువ్వు ఆయనతో డూటీ సేసావు కదా. ఎలాగుండీవోడు?"

రమణమూర్తి, జగన్నాథం ఒకే బండి మీద రెండేళ్ళు పనిచేశారు. కానీ జగన్నాథం ఆ కొసన, తను ఈ కొసన, మధ్య నలభై వ్యాగన్లు. స్టేషన్ దాటాక అతను ఇంజన్లోంచి వెనక్కి వంగి పచ్చజెండా ఊపేవాడు, తను ఇటునుంచి ఊపేవాడు. 'బండి క్షేమం' అని దానర్థం. ఆ స్నేహానికి మొహంతో పని పడలేదు.

అర్జీ రాసిపెట్టింది రమణమూర్తే. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచెయ్యాలి. పోస్టాఫీసులో పది రూపాయలవి అయిపోయాయి, సోమవారం రమ్మన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. ఎలాగో సంపాదించి పంపితే, ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. మీరు కోరిన సమాచారం ఒక పేజీ, పేజీకి రెండు రూపాయల చొప్పున రెండు రూపాయలు చెల్లించండి, అని. ఆ ఉత్తరానికైన స్పీడ్ పోస్టు ఖర్చుతో అలాంటి పేజీలు పది వచ్చేవి. కౌంటరు పదకొండు నుంచి ఒంటిగంట దాకా. అచ్చియమ్మ ఆటోకి అరవై పోసి వెళ్ళి రెండు కట్టి వచ్చింది. ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కూడా సమాచారమే కదా, దానికెంతంటారో.

ఇప్పుడు ఆ పేజీ బల్ల మీద ఉంది. జిరాక్సు కాపీ. ఎడమ పక్క ఇరవై మూడేళ్ళ అచ్చియమ్మ, పాలిపోయినట్టు. కుడి పక్క ఒక చొక్కా, ఒక కాలరు. కాలరు పైన నల్లటి ముద్ద. ఆ నలుపులో పైన రెండు తెల్లటి చుక్కలు, కింద ఒక తెల్లటి గీత.

తిరుమలరావు భూతద్దం తీశాడు. బీపీ మాత్రల మీద తేదీ చదవడానికి కొన్నది. కాగితాన్ని తిప్పి చూశాడు, వాసన చూశాడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అచ్చియమ్మా, నీ భర్త ఎవరు?"

"అదేటన్నయ్యా, జగన్నాథం. మీకు తెల్దా?"

"అందరూ అలాగే అనుకుంటున్నారు," అని అతను వసారా చివరిదాకా నడిచి వెనక్కి తిరిగాడు. "మూర్తీ, పక్కనున్న మనిషి మొహం వచ్చింది. ఈ మనిషి చొక్కా వచ్చింది. మొహం ఒక్కటే రాలేదు. ఇది మచ్చ కాదురా. ఇది చెరిపివేత. దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉంది."

"జిరాక్సు మిషన్లో ఇంకు ఎక్కువై ఉంటుంది," అన్నాడు రమణమూర్తి.

"సామాన్యుడికి ఇంకు. నాకు సాక్ష్యం. మరి ఈ రెండు చుక్కలు, ఒక గీత ఏటి? నువ్వు రైల్వేవాడివి కాదూ? టెలిగ్రాఫు కోడ్‌లో చుక్క చుక్క గీత అంటే ఏటి?"

"ఇంగ్లీషు యు అక్షరం."

"చూశావా. 'నువ్వు' అని. ఎవడో మనల్ని వేలెత్తి బెదిరిస్తున్నాడు."

అచ్చియమ్మ ఇద్దరి కేసీ మార్చి మార్చి చూసింది. "ఇంకోపాలి బాగా తీసిమ్మంటే ఇవ్వరేటి బాబూ?"

"ఇస్తారు," అన్నాడు తిరుమలరావు జాలిగా. "మళ్ళీ నల్లగానే ఇస్తారు. ఇప్పణ్ణుంచి ఈ కేసు నాది."

అప్పటికి గృహప్రవేశానికి ఇంకా రెండున్నర నెలలుంది. మర్నాడు తనే వెళ్ళి ఇంకో కాపీ అడిగితే సరిపోతుందని రమణమూర్తికి తెలుసు. అయినా వెళ్ళలేదు. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద కారణం ఉందని ఒక మనిషి గట్టిగా అంటున్నప్పుడు, లేదనడానికి కూడా కొంత బలం కావాలి. గార్డు ఉద్యోగంలో ఆ బలం అక్కర్లేదు. బండి ఎటు పోతే వ్యాను అటు పోతుంది.

తిరుమలరావు అచ్చియమ్మ సంతకంతో ఇరవై మూడు ప్రశ్నల అర్జీ పంపాడు. సరిగ్గా ముప్ఫయ్యో రోజున జవాబు వచ్చింది. వసారాలో నిలబడి పైకి చదివాడు.

"ప్రశ్న ఏడు. రికార్డు గదిలో నలుపు రంగును ఇష్టపడే ఉద్యోగుల వివరాలు. జవాబు, ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు. తప్పించుకున్నారు. ప్రశ్న పన్నెండు. ఫొటో చెరిపిన రోజున గదిలో ఫ్యాను ఏ వేగంతో తిరుగుతోంది. జవాబు, రికార్డులో లేదు. మాయం చేశారు. ప్రశ్న పంతొమ్మిది. ఎనభై మూడు నుంచి నేటి వరకు ఫైలును తాకిన వ్యక్తుల పేర్లు. జవాబు, సంబంధిత రిజిస్టర్లు పదకొండు వందల నలభై పేజీలు. రెండు వేల రెండు వందల ఎనభై రూపాయలు చెల్లించండి." కాగితం దించి విజయగర్వంతో చూశాడు. "భయపడ్డార్రా. నిజం దగ్గరికొచ్చేకొద్దీ రేటు పెరుగుతుంది."

"రేటు పెరగలేదు. పేజీలు పెరిగాయి," అన్నాడు రమణమూర్తి. "కింద ఇంకా ఏదో రాశాడు, చూడు."

కింద ఒక వాక్యం ఉంది. అర్జీదారు గానీ, ఆమె పంపిన మనుషులు గానీ ఆఫీసుకి వచ్చి ఫైలు స్వయంగా చూసుకోవచ్చు. మొదటి గంట ఉచితం. ఆ తరవాత ప్రతి గంటకీ, అందులో ఏ కొంత భాగానికైనా, అయిదు రూపాయలు.

"గంట చాలు," అన్నాడు తిరుమలరావు. "నేను రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో ఒక బోగీ మొత్తం పదకొండు నిమిషాల్లో చేసేవాణ్ణి."

చూడ్డానికి తేదీ దొరికేసరికి గృహప్రవేశానికి ఇంక నాలుగు రోజులుంది.

ఆ రోజు ముగ్గురూ వెళ్ళారు. తిరుమలరావు ఎండలో నల్లకోటు వేసుకున్నాడు. అచ్చియమ్మ ఉతికిన నేత చీర కట్టుకుని, ఎవరినో స్టేషన్లో దింపుకోడానికి వెళ్తున్నట్టు తల దువ్వుకుని వచ్చింది. రికార్డు గది ముందు వరండాలో బెంచీ ఉంది. తిరుమలరావు ఆమెని అక్కడ కూర్చోమన్నాడు.

"నానూ వస్తానన్నయ్యా."

"వద్దు. బాధితులు ఆవేశపడతారు, సాక్ష్యం పాడవుతుంది. మూర్తీ, నువ్వు గార్డువి. గుమ్మంలో నిలబడు. ఎవడైనా పారిపోతే పట్టుకో."

రికార్డు గుమాస్తా ఓంకార్ సన్నగా, జలుబుతో, నల్ల స్వెట్టరుతో, మెడకి మఫ్లరుతో ఉన్నాడు. ఫైలు ముందే తీసి దుమ్ము దులిపి ఉంచాడు. అదే తిరుమలరావుకి మొదటి అనుమానం. ఓంకార్ హిందీలో చెప్పాడు: "దేఖియే సాహబ్, పదకొండు అయింది, రిజిస్టర్లో టైము రాశాను. మొబైల్‌తో ఫొటోలు తియ్యకూడదు. పెద్దసారు అనుమతి కావాలి, ఆయన సెలవులో ఉన్నారు. కాపీ కావాలంటే పేజీకి రెండు రూపాయలు, మా మిషన్లోనే. అది కొంచెం నల్లగా ఇస్తోంది."

"అచ్ఛా," అన్నాడు తిరుమలరావు, అందులో ముప్పై నాలుగేళ్ళ అనుభవం నింపి.

పన్నెండు గంటలకి మోగేలా ఫోన్లో అలారం పెట్టాడు. ప్రభుత్వానికి అయిదు రూపాయలు అన్యాయంగా ఇచ్చేది లేదని ఇంటి దగ్గరే ప్రతిజ్ఞ చేశాడు. తరవాత ఫోను కోటు గుండీల మధ్య దాచి, కెమెరా కన్ను బయటికి వచ్చేలా పొట్ట మీద సర్దుకున్నాడు. నేరస్థుడి మొహం రహస్యంగా పట్టాలని ఎత్తు.

రమణమూర్తి గుమ్మంలోంచి అన్నీ చూశాడు. మొదటి పావుగంట ఫైలు అట్ట మీద దారం ముడి పరిశీలనకి పోయింది. అది ఎడమచేతివాటం ముడి అని తేలింది. ఓంకార్ కుడిచేత్తో ముక్కు తుడుచుకోవడం చూసి తిరుమలరావు ముఖం వాడిపోయింది. తరవాతి పావుగంట దుమ్ముకి పోయింది. మిగిలినదంతా ప్రశ్నలకి.

"ఈ గదిలో ఎన్నాళ్ళుగా ఉన్నావు?"

"ఆరేళ్ళు."

"నలుపంటే ఇష్టమా?"

"నా పెళ్ళాన్ని అడగండి సాబ్. స్వెట్టరు ఆవిడ అల్లింది."

"జగన్నాథం నీకేమవుతాడు?"

"ఫైలు నంబరు అవుతాడు."

బల్ల దగ్గరికి నాలుగడుగులు. నాలుగడుగులు వేస్తే ఆ పేజీ తనే తిప్పి చూడొచ్చు, వెనక్కి నాలుగడుగులు వేస్తే అచ్చియమ్మని చెయ్యి పట్టి లోపలికి తీసుకురావచ్చు. రమణమూర్తి రెండూ ఆలోచించాడు. ఆలోచించడం తనకి ఎప్పుడూ పనికి బదులుగా ఉపయోగపడుతూ వచ్చిందని కూడా ఆలోచించాడు. బండి నడుస్తుండగా గార్డు వ్యాను దిగకూడదు. ఆ రూలు తనని రిటైరయ్యాక కూడా పట్టుకుని ఉందో, తనే దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడో తెలియలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. బెంచీ మీద అచ్చియమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపు కేసి చూస్తూ, ముప్పై నాలుగేళ్ళు ఆఫీసర్ల గంట కోసం కూర్చున్నట్టే కూర్చుంది.

పన్నెండు కొట్టింది. అలారం మోగింది. అది రైలు బయల్దేరుతోందని స్టేషన్లో ఆడగొంతు చెప్పే ప్రకటన. వరండాలో నిద్రపోతున్న ఇద్దరు సంచీలు పట్టుకుని లేచారు.

"సాహబ్, మీరు అసలు పేజీ చూడనే లేదు," అంటూ ఓంకార్ గబగబా కాగితాలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, ఫైలు అతని కేసి ఎత్తి పట్టాడు. "ఇదిగో, ఇదే."

తిరుమలరావు పేజీ కేసి చూడలేదు. చూపించినవాడి మొహం చూశాడు. కళ్ళలోకి కళ్ళు పెట్టి, రెప్ప వెయ్యకుండా, అదే సమయంలో కోటులో చెయ్యి పెట్టి అలారం ఆపడానికి ఫోను మీద ఎక్కడ పడితే అక్కడ నొక్కుతూ. ఓంకార్ తుమ్మాడు. ప్రకటన ఆగింది.

"టైమైపోయింది," అన్నాడు తిరుమలరావు లేచి. "అయిదు రూపాయల ఉచ్చులో నేను పడను."

రమణమూర్తి నాలుగడుగులూ వేశాడు. అప్పటికి ఫైలు మూసుకుంది. ఓంకార్ దారం కడుతున్నాడు, కుడిచేత్తోనే.

"ఇంకో గంట చూస్తాం. అయిదు రూపాయలు నేనిస్తాను," అన్నాడు రమణమూర్తి.

"కౌంటర్లో కట్టి రసీదు తేవాలి సాబ్. కౌంటర్లో బాబు ఇవాళ హాఫ్ డే. రేపట్నుంచి మూడు రోజులు సెలవు." నిజంగానే బాధపడుతున్నట్టు ఓంకార్ మఫ్లరు సర్దుకున్నాడు.

వరండాలో అచ్చియమ్మ లేచి నిలబడింది.

"సూసారా అన్నయ్యా?"

"చూశాను," అన్నాడు తిరుమలరావు. "కళ్ళు చూశాను."

"ఎలాగున్నాయి?"

"ఎర్రగా. నీళ్ళు కారుతూ. అపరాధ భావం."

"మా ఆయనియ్యా?"

"ఓంకార్‌వి."

ఆమె కొంగు భుజం మీద సర్దుకుంది. మెట్లు దిగుతూ, "ఒగ్గీండి బాబూ. ఇంక పిల్లతో సెప్పి ఆ ఫ్రేములో దేవుడి బొమ్మ ఎట్టిచ్చెస్తాను," అంది. రమణమూర్తి ఆమె వెనకే నడిచాడు. వెనక నడవడం ఒక్కటే తనకి చేతనైన పని అనిపించింది.

సాయంత్రం వసారాలో టీ వచ్చింది. రమణమూర్తి ముట్టుకోలేదు. తిరుమలరావు కొత్త అర్జీకి ప్రశ్నలు కూరుస్తున్నాడు, నలభై ఒకటో ప్రశ్న దగ్గర ఉన్నాడు. హైమావతి గుమ్మంలో కూర్చుని అతని ఫోను చూస్తోంది. జాగా నిండిపోయిందని ఫోను మొరాయించడంతో, పనికిరాని బొమ్మలు చెరపడం ఆవిడ వంతయింది.

"ఏటండీ ఇవన్నీ? బల్ల అంచు. మీ గుండీ. మళ్ళీ మీ గుండీ. ఎవరిదో మఫ్లరు చివర. ముప్పై ఆరు గుండీలున్నాయి."

"అవి సాక్ష్యాలు."

"ఇదెవరు? ఎవరో మొగుడూ పెళ్ళాం. పాత ఫొటో. ఆయన మొహం నిండా మసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు."

"చెరిపెయ్. అది పాడైన ఫొటో. అలారం ఆపుతుంటే చెయ్యి తగిలి పడింది. ఓంకార్ మొహం రాలేదు అందులో."

హైమావతి బొటనవేలు చెరిపే గుర్తు మీదికి వెళ్ళింది. రమణమూర్తి లేచాడు. టీ గ్లాసు పడింది, కుర్చీ పడింది. నాలుగడుగులు ఉన్నాయో లేదో తెలియదు, ఫోను మాత్రం అతని చేతిలోకి వచ్చింది.

పేజీ మొత్తం వచ్చింది. ఓంకార్ వేలు ఒక పక్కన, తుమ్ముకి కాస్త చెదిరి. మధ్యలో ఫొటో, అద్దంలో చూసినంత స్పష్టంగా. చొక్కా, కాలరు. కాలరు పైన బొగ్గు. నుదురు నుంచి గడ్డం దాకా ఇంజన్ బొగ్గు, అందులో రెండు తెల్లటి కళ్ళు, కింద వరసగా తెల్లటి పళ్ళు. రెండు చుక్కలు, ఒక గీత.

ఎవరూ ఆ మొహాన్ని చెరపలేదు. జిరాక్సు మిషను ఉన్నది ఉన్నట్టే తీసింది. దేశంలో ఒక ఆఫీసు రెండు రూపాయలకి పూర్తి నిజం ఇచ్చింది, అది చూసిన ఇద్దరు పెద్దమనుషులకి అర్థం కాలేదు.

రమణమూర్తి ఆ గీతని చూస్తూ ఉండిపోయాడు. బిల్హా స్టేషన్ దాటాక ఒక ఒంపు ఉండేది. బండి ఒంపు తిరిగినప్పుడు మాత్రం తోక నుంచి తల కనిపించేది. నలభై వ్యాగన్ల అవతల ఒక నల్లటి మనిషి జెండా పట్టుకుని బయటికి వంగేవాడు. ఆ నలుపులో ఒక తెల్లటి గీత మెరిసేది. ఎండకి ఏదో రేకు మెరుస్తోందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అతను నవ్వుతున్నాడు.

మర్నాడు బుధ్‌వారీ బజార్ స్టూడియోలో పెద్దది చేయించాడు. స్టూడియో అతను అలవాటుగా అడిగాడు. "మొహం తెల్లగా చేసెయ్యనా అంకుల్? అయిదు నిమిషాల పని."

"ముట్టుకోకు," అన్నాడు రమణమూర్తి. అంత గట్టిగా మాట్లాడినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

నెహ్రూ నగర్ ఇంట్లో ఇంకా రంగు వాసన పోలేదు. హాల్లో ఖాళీ ఫ్రేము కింద అచ్చియమ్మ పసుపుకొమ్ములు వేరు చేస్తోంది. రమణమూర్తి కవరు ఇచ్చాడు. తిరుమలరావు కోటు వేసుకుని వెనక నిలబడ్డాడు. శ్రీవల్లి వంటింట్లోంచి వచ్చి తల్లి భుజం మీంచి వంగింది.

అచ్చియమ్మ కవర్లోంచి ఫొటో తీసి చూసింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. ఆమె నవ్వుతోంది.

"ఈడి మొకం మండా," అంది. "ఆ రోజే ఆకరి తేదీ. కాయితం అందకపోతే ఏడాది పాసు పోద్ది. సెడ్డులో డూటీ దిగి సీదా స్టూడియోకి వచ్చేసాడు. మొకం కడుక్కోవయ్యా అన్నాను. స్టూడియో పంపులో నీళ్ళు నేవు. స్టూడియోవోడు తలుపేసేస్తన్నాడు. ఏటైతది, పాసేగా, నా మొకం టీసీ సూస్తాడేటి అన్నాడు."

తిరుమలరావు దగ్గాడు.

"అమ్మా, పాపా సచ్ మే ఐసే హీ థే?" నాన్న నిజంగా ఇలాగే ఉండేవాడా అని హిందీలో అడిగింది శ్రీవల్లి.

"ఇలాగేనమ్మా. రోజూ తలుపు తీస్తే ఇదే మొకం. కడుక్కుని తిని పడుకునీవోడు, మళ్ళీ లేచి ఎళ్ళిపోయీవోడు. తెల్ల మొకం నానెప్పుడు సూసాను సరిగ్గా?" ఆమె వేలితో ఫొటోలో చెంప తుడవబోయి ఆగింది. "నలభై ఏళ్ళూ ఆ కడుక్కున్న మొకం కోసం ఎతికాను. అది ఎక్కడ దొరుకుద్ది?"

మనసులో ఒక మొహాన్ని కడిగి కడిగి చెరిపేసుకోవడం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు రమణమూర్తి. శ్రీవల్లి ఫ్రేము దించింది.

"మొదటి రోజే చెప్పాను," అన్నాడు తిరుమలరావు, గొంతు సవరించుకుని. "ఆ చుక్కల్లో, గీతలో సందేశం ఉందని. మీరే నమ్మలేదు." జీవితంలో మొదటిసారి రమణమూర్తి అతని మాటకి నిజమేనని తలూపాడు. ఆ రాత్రి డైరీలో కేసు ఇలా ముగిసింది: "మొహం రికవరీ అయినది. నేరస్థుడు: బొగ్గు. ఆవిరి ఇంజన్లు తీసేసిన నాటి నుంచి పరారీలో ఉన్నాడు."

గృహప్రవేశం అయిన వారానికి అచ్చియమ్మ మళ్ళీ వసారాకి వచ్చింది, ఖాకీ కవరుతో. తిరుమలరావు చదివాడు. చదువుతూ ఎర్రబడ్డాడు.

"ఫైలు పరిశీలన పదకొండు గంటలకి మొదలై పన్నెండు గంటల ఒక నిమిషానికి ముగిసినట్టు రిజిస్టర్లో ఉంది. రెండో గంటలో కొంత భాగం వాడుకున్నందున అయిదు రూపాయలు చెల్లించండి. ఒక్క నిమిషానికి, చూడరా మూర్తీ. ఆ తుమ్మినవాడి తుమ్ముకి మనం కట్టాలా? అప్పీలుకి వెళ్తాను. మొదటి అప్పీలుకి ఫీజు కూడా లేదు."

"హైమావతిగారూ," అని పిలిచాడు రమణమూర్తి. "ఆ ఫొటో ఫోన్లో ఎన్నింటికి పడిందో చూస్తారా?"

లోపల్నుంచి కాసేపటికి జవాబు వచ్చింది. "పన్నెండు గంటల ఒక నిమిషం అని ఉందన్నయ్యగారూ."

అచ్చియమ్మ అప్పటికే బొడ్డు సంచీ విప్పింది. అయిదు రూపాయల బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

"కట్టీండన్నయ్యా," అంది తిరుమలరావుతో. "టికెట్టు నేకండా సూసొచ్చినట్టుంటాది."

ముప్పై నాలుగేళ్ళ టీసీ ఆ బిళ్ళని చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి మాత్రం ఇచ్చినావిడ మొహం చూడలేకపోయాడు. బిళ్ళనే చూశాడు.